నల్ల తలుపు, బొమ్మల తలుపు

జూన్ 6, ఆదివారం

పవిత్రన్ మాష్ అన్యాయం చేశాడు. రేపెవరూ కాదనకుండా తేదీ వేసి, పేరు పెట్టి రాస్తున్నాను. మా ఊరు పుళక్కర వాయనశాలలో, అంటే గ్రంథాలయంలో, పుస్తకాల బీరువాల వెనక ఉన్న కంప్యూటర్ గదిలో, సభ్యులెవరినీ అడక్కుండా, నోటీసు బోర్డు మీద ఒక్క ముక్క రాయకుండా, మనిషికి అరవై పనులని హద్దు పెట్టేశాడు. ఎవరైనా సరే ఒకే సమయంలో ఆ యంత్రం చేత అరవైకి మించి పనులు చేయించకూడదు. అరవై అంటే వినడానికి బోలెడనిపిస్తుంది. తెర మీద కిటికీలు తెరుచుకునేసరికే ఇరవై అయిపోతాయి. మిగిలినవాటితో నాలుగు వందల పన్నెండు కరపత్రాలను ఏం చేసుకోను?

మా ఊరి నేత కార్మికుల పాత సమ్మె కరపత్రాలవి. వచ్చే నెల వార్షికోత్సవంలో గోడ నిండా పెట్టి చూపిస్తానని కమిటీకి మాటిచ్చాను. ఒక్కో కాగితాన్నీ ఫోటో తీశాను. మరకలు తుడిచి అక్షరాలు నల్లబరిచే ప్రోగ్రాం నేనే రాశాను, పదకొండు లైన్లు. ఒకదాని తర్వాత ఒకటి వరసలో రావడం రేషన్ షాపు పద్ధతి. నా ప్రోగ్రాంలో నాలుగు వందల పన్నెండూ ఒకేసారి లేస్తాయి. ఈ రోజు నలభై ఒకటి లేచాయి. తర్వాత, వనరులు ప్రస్తుతానికి దొరకవు అని ఇంగ్లీషులో ఒక లైను వచ్చి మొత్తం ఆగిపోయింది.

మాష్‌ని అడిగాను. బడిలో లెక్కలు చెప్పే మాష్‌గా రిటైరై, పుస్తకాలు ముందేసుకుని ఈ యంత్రాల పని నేర్చుకుని, జీతం భత్యం లేకుండా ఆ గదిని చూసుకుంటున్నాడు కాబట్టి తనకే అన్నీ తెలుసనుకుంటాడు.

"తెరలు ఆరున్నా యంత్రం ఒక్కటేరా," అన్నాడు. "ఆరిళ్ళకీ కలిపి ఒక బావి అనుకో. నువ్వొక్కడివీ మోటారు పెట్టి తోడేస్తే మిగతావాళ్ళ చేదలో బురదే వస్తుంది."

బావి ఎవరిదని అడిగాను. నీది కూడా అని చెప్పి, గొడుగు తీసుకుని టీకి పోయాడు. ఇదీ వాళ్ళు జవాబు చెప్పే తీరు.

పక్కింటి ప్రసన్న ఏచ్చి మళ్ళీ గుర్తు చేసింది. సొంత అక్క లేని లోటు నాకు తెలియనివ్వని మనిషి. నేత సొసైటీలో పద్దెనిమిదేళ్ళుగా నూలు చుడుతోంది. జిల్లా ఆఫీసుల్లో అటెండర్ ఉద్యోగాలు పడ్డాయి. దరఖాస్తు కంప్యూటర్‌లోనే పెట్టాలి, ఇరవయ్యో తేదీ ఆఖరు. ఈసారి తప్పితే ఆమెకి వయసు దాటిపోతుంది, మళ్ళీ పెట్టడానికే ఉండదు. నేను పెడతానన్నాను. ఫోటో, సర్టిఫికెట్లు ఎక్కించేశాను కూడా. మిగిలింది పది నిమిషాల పని. రేపు.

జూన్ 7, సోమవారం

మళ్ళీ నలభై ఒకటి దగ్గరే. ఏచ్చి పని రేపు.

జూన్ 8, మంగళవారం

ఐదుసార్లు నడిపాను. ఐదుసార్లూ నలభై ఒకటి. ఒక్కసారి నలభై అయినా, ఒక్కసారి నలభై రెండయినా యంత్రం అలిసిపోయిందనుకుందును. ఇంత కచ్చితంగా ఆగిందంటే ఆపేవాడి చెయ్యి ఉంది. అసలు ఆ నలభై రెండోది ఏమిటా అని తెరిచి చూశాను.

 పసుపు పచ్చ కాగితం, ఎర్ర సిరా. "సమ్మె విరిచిన చిండన్ మేస్త్రీతో మాట కలపకండి. అతని ఇంటి పెళ్ళికి వెళ్ళకండి." చిండన్ మేస్త్రీ ఎవరు? పవిత్రన్ మాష్ భార్యకి తండ్రి. వెళ్ళొద్దన్న ఆ పెళ్ళి, తారీఖులు చూస్తే, మాష్ పెళ్ళే.

ఇప్పుడర్థమైంది హద్దు ఎందుకో.

అమ్మకి చెప్పాను. చేప ముక్కలకి కారం పట్టిస్తూ, "ఆ పెళ్ళికి మీ తాత కూడా వెళ్ళలేదు. మర్నాడు వెళ్ళి మిగిలిన పాయసం తాగొచ్చాడు," అంది. ఈ ఇంట్లో చరిత్ర స్పృహ లేదు.

జూన్ 9, బుధవారం

నా ట్రంకుపెట్టెలో అరవై మూడు కరపత్రాలున్నాయి. పుస్తకాల అవసరం నాకు పడలేదు. కరపత్రంలో ఉన్నదే పుస్తకంలో నిదానంగా ఉంటుంది. వాటిలో ఒకటి నా జీవితాన్ని మార్చింది, త్రిశూర్‌లో ఒక సభ బయట చేతిలో పెట్టారు. యంత్రంలోకి వెళ్ళే తలుపుల గురించి అది.

బొమ్మల తలుపు అందరిదీ. తెర వెలగ్గానే వేషం కట్టిన తెయ్యం దేవత ముఖం, దాని కింద సభ్యుల పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక్కో చిన్న బొమ్మ. నీ బొమ్మ నొక్కి పాస్‌వర్డ్ కొడితే లోపలుంటావు. నల్ల తలుపు వేరు. మూడు మీటలు కలిపి నొక్కితే ఆ అలంకారమంతా మాయమై నల్లటి తెర, పేరు అడిగే ఒక్క మాట, ఆగి ఆగి మెరిసే గీత. పేరు నువ్వే టైపు చేయాలి. కిటికీలు కావాలంటే ఆజ్ఞ నువ్వే ఇవ్వాలి. తన బొమ్మని వరసలో వెతుక్కుని నొక్కేవాడు యంత్రానికి అతిథి, పేరు చెప్పి లోపలికి వెళ్ళేవాడే దానికి యజమాని అని ఆ కరపత్రంలో ఉంది. రెండేళ్ళుగా నేను నల్ల తలుపు గుమ్మం తప్ప తొక్కలేదు. పుళక్కర మొత్తానికి యజమానిని నేనొక్కణ్ణే.

ఈ హద్దుల శాస్త్రం కూడా ఈ రోజు చదివాను. చదివిన కొద్దీ రక్తం మరిగింది. ఎవరి హద్దు వాళ్ళు ఇంకా తగ్గించుకోవచ్చట, తగ్గించాక పెంచుకోలేరట. పైగా వారసత్వం. గుమ్మం దగ్గర మనిషికి ఏ హద్దు పడితే, లోపల అతను మొదలుపెట్టే ప్రతి పనికీ, ఆ పనికి పుట్టే పిల్ల పనికీ అదే హద్దు. రూట్ అనే పేరుతో వచ్చేవాడు మాత్రం వీటిని ఎంతకైనా మార్చుకోవచ్చు. ఆ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది? మాష్ దగ్గర.

ఏచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "అయిందా?" అంది. రేపన్నాను.

జూన్ 10, గురువారం

బయటపడింది.

మూడో తెర దగ్గర ఆటో నడిపే బైజు కూర్చున్నాడు. పద్నాలుగు కిటికీలు తెరిచాడు, పాటలు, ఆటలు, ఎవరిదో పెళ్ళి వీడియో. అతన్ని జరగమని, హద్దు ఎంతో యంత్రాన్ని అడిగే ఆజ్ఞ అతని తెర మీద కొట్టాను. హద్దు లేదు అని వచ్చింది. రెండో తెర మీద కొట్టాను. హద్దు లేదు. అయిదో తెర, అదే. నా తెర మీద కొట్టాను. అరవై.

ఊళ్ళో అందరికీ స్వేచ్ఛ. నా ఒక్కడికే సంకెళ్ళు.

"నిన్ను ప్రత్యేకంగా గుర్తించారంటే గౌరవమే కదరా," అన్నాడు బైజు. మనుషుల్లో సంఘీభావం ఎంత తగ్గిపోయిందో.

జూన్ 11, శుక్రవారం

పాత క్యాలెండర్ వెనక రాసి టీ కొట్టు గోడకి అంటించాను. ముఖ్యమైన భాగం ఇక్కడ కూడా ఎక్కిస్తున్నాను.

"పుళక్కర ప్రజలారా. వాయనశాల యంత్రంలో ఐదు తెరలకి హద్దు లేదు. ఒక్క లిజేష్‌కి అరవై. అందులో ఇరవై కిటికీలకే పోతాయి. నలభై ఒకటో కరపత్రం దగ్గర ఆగిపోతోంది. నలభై రెండోది ఎవరి మామగారి గురించో పెద్దవాళ్ళని అడగండి. ఈ అంకె వేయడానికి ఆ మాష్ ఎవరు? సర్వసభ్య సమావేశం తీర్మానం లేకుండా ఆ గదిలో ఎవరూ ఏమీ చేయకూడదు."

చివరి వాక్యం కింద రెండు గీతలు కొట్టాను.

ఏచ్చి పనికి ఇవాళ వీలు కాలేదు. రేపు తప్పకుండా.

జూన్ 12, శనివారం

వాన. మాష్ గొడుగు కింద నిలబడి పోస్టర్ రెండుసార్లు చదివాడట.  జేబులోంచి పెన్ను తీసి, "అరవైలో ఇరవై పోతే నలభై. నలభై ఒకటి ఎలా నడిచింది?" అని పక్కన రాసి వెళ్ళాడట. టీ కొట్టులో అందరూ దాని గురించే. ఇది దృష్టి మళ్ళించే ఎత్తుగడ.

(కిటికీలకి పందొమ్మిదే పోతాయి. ఈ రోజు లెక్కపెట్టాను.)

జూన్ 13, ఆదివారం

వాయనశాల కార్యదర్శి దాముయేట్టన్ ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టాడు. బైలాలోని క్లాజుల నంబర్లు నిద్రలో లేపి అడిగినా చెప్తాడు, తను నడిపే రేషన్ షాపులో కంటే వాయనశాలలోనే కఠినంగా ఉంటాడు. మాష్, తను హద్దులు రాసిన ఫైలు తెరిచి చూపించాడు. నిజమే, అందులో నా పేరు లేదు. ఎవరి పేరూ లేదు. వచ్చిన ప్రతివాడికీ అరవై అని ఉంది.

"అందరికీ ఒకటే పెట్టానురా," అన్నాడు.

బైజుని పిలిచి చూపించమన్నాను. హద్దు లేదు. మాష్ కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్ళీ చూశాడు. ఫైలు చూశాడు, బైజు తెర చూశాడు. ఆయన ముఖం, మార్కులు కూడటంలో తప్పు చేసి పట్టుబడ్డ మాష్ ముఖంలా ఉంది. నేను నవ్వాను. గట్టిగానే నవ్వాను.

జూన్ 14, సోమవారం

ఏచ్చి ఈ రోజు గుమ్మం దగ్గర ఆగలేదు, లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. రేపు రేపంటే ఎన్ని రేపులని అడిగింది. నేను పరిస్థితి వివరించాను. నా మీద జరుగుతున్న కుట్ర, ఒక్క నా తెరకే సంకెళ్ళు, దీనికి ప్రజలు ఇచ్చే జవాబు. ఆమె శ్రద్ధగానే విన్నది, నూలు చుట్టేటప్పుడు పోగు ఎక్కడ తెగిందో చూస్తున్నట్టు.

"మరి నువ్వొక్కడివే కదరా ఆ నల్ల తెరలోంచి పోయేది," అంది. "మేమంతా బొమ్మలు నొక్కే పోతాం. నీకు జ్వరం వచ్చి మాకెవరికీ రాలేదంటే, నువ్వు తాగిన నీళ్ళు వేరేమో చూసుకో."

ఆమెకి సాంకేతిక విషయాలు తెలియవు అన్నాను. తెలియవంది. వెళ్ళిపోయింది.

జూన్ 15, మంగళవారం

గదిలో ఎవరూ లేని వేళ చూసి వెళ్ళాను.

బొమ్మల తలుపు. తెయ్యం ముఖం. లిజేష్ అన్న పేరు పక్కన తాబేలు. ఫోటో ఇవ్వనివాళ్ళకి మాష్ తనకి తోచిన బొమ్మ పెట్టాడు, నాకు తాబేలు తోచింది. నొక్కాను. రెండేళ్ళలో మొదటిసారి.

హద్దు ఎంతని అడిగాను. హద్దు లేదు.

బయటికొచ్చి నల్ల తలుపు గుండా వెళ్ళాను. అరవై.

విషయం చాలా చిన్నది. మాష్ హద్దులు రాసిన ఫైలుని నల్ల తలుపు దగ్గర పేరు అడిగేవాడే చదువుతాడు. బొమ్మల తలుపు దగ్గర నిలబడే కాపలాదారు వేరు. వాడికి ఆ ఫైలు ఉందనే తెలియదు. మాష్ ఊరందరికీ కంచె కట్టాననుకున్నాడు. కట్టింది నేను నడిచే దారికి మాత్రమే. అది ఆయనకి తెలియదు.

చెప్పాలి. తప్పకుండా చెప్తాను. ముందు కరపత్రాలు అయిపోనీ. ఇది దాచడం కాదు, వ్యూహం. గురువారం కరపత్రాలు, శుక్రవారం ఏచ్చి దరఖాస్తు, ఆ తర్వాత మాష్‌కి చెప్తాను.

జూన్ 16, బుధవారం

వాన. కరెంటు లేదు.

శనివారం పెట్రోలు ధర మీద హర్తాళ్, అన్నీ బంద్ అని ప్రకటించారు. బ్రహ్మాండం. జనంలో కదలిక వస్తోంది.

జూన్ 17, గురువారం

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

మధ్యాహ్నం మూడున్నరకి వెళ్ళాను. మొదటిది తప్ప మిగతా ఐదు తెరలూ నిండి ఉన్నాయి. నాలుగో తెర ముందు ప్రసన్న ఏచ్చి. సొసైటీలో సగం పూట సెలవు పెట్టిందట. రెండు రోజులుగా బైజు దగ్గర కూర్చుని, ఏ మీట ఎక్కడుందో నేర్చుకుందట. రెండు వేళ్ళతో, ఒక్కో అక్షరాన్ని వెతికి పట్టుకుని కొడుతోంది. పది నిమిషాల పనికి ఆమెకి రెండు గంటలు పట్టింది. నేను పక్కన నిలబడితే తల తిప్పలేదు.

"నా పని నేను చేసుకుంటున్నాలే," అంది. "నువ్వు నీ సమ్మె చూసుకో."

నాకు రోషం వచ్చింది. ఎందుకొచ్చిందో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గుగా ఉంది, అందుకని ఆలోచించను. మొదటి తెర దగ్గర కూర్చున్నాను. తాబేలు నొక్కాను. ప్రోగ్రాం నడిపాను.

నలభై ఒకటి. నలభై రెండు. చిండన్ మేస్త్రీ పసుపు కాగితం తెర మీద మెరిసి వెళ్ళింది.  వంద. నూట అరవై. ప్రతి కాగితమూ ఒకేసారి లేస్తోంది, నేను కలగన్నట్టే. రెండు వందల పది దగ్గర అంకె ఆగింది. బాణం గుర్తు ఆగింది. యంత్రం లోపలి ఫ్యాను మాత్రం మిట్ట ఎక్కుతున్న లారీలా మూలుగుతోంది. మూడో తెర మీద బైజు పాట ఒక్క అక్షరం దగ్గర ఇరుక్కుని అదే అక్షరం అంటోంది. అయిదో తెర దగ్గర దాముయేట్టన్ వార్షికోత్సవం ఆహ్వానం టైపు చేస్తూ, ఇదేంటి ఇదేంటి అని మీటలు బాదుతున్నాడు.

"ఒరేయ్ లిజేషూ," అంది ఏచ్చి. ఆమె వేలు ఇంకా మీట మీదే ఉంది. "ఆఖరిది నొక్కాను. వెళ్ళిందా?"

నేను ఆమె తెర చూశాను. ఫోటో ఉంది, పేరు ఉంది, పుట్టిన తేదీ ఉంది. ఏదీ కదలడం లేదు.

"వెళ్ళిందా?"

మాష్ పరిగెత్తుకొచ్చాడు. కిటికీల్లో ఏదీ పలకలేదు. నల్ల తలుపు తెరవబోయాడు, అది కూడా తెరుచుకోలేదు, పేరు అడిగే ఆ ఒక్క పని పుట్టడానికైనా యంత్రంలో చోటు లేదు. చివరికి మీట నొక్కిపట్టి ఆపేశాడు. మళ్ళీ లేచేసరికి గంటన్నర పట్టింది. ఏచ్చి అప్పటిదాకా అదే కుర్చీలో కూర్చుంది. దరఖాస్తు అసంపూర్తి అని వచ్చింది. దాముయేట్టన్ ఆహ్వానం మొత్తం పోయింది.

ఎలా జరిగిందని దాముయేట్టన్ అడిగాడు. వోల్టేజీ అయ్యుంటుందని అన్నాను. నిజంగానే ఈ రోజు వోల్టేజీ తక్కువగా ఉంది.

మాష్ మాత్రం, "నేను పెట్టిన హద్దులు పనిచేయలేదు. తప్పు నాదే," అని, రూట్ పాస్‌వర్డ్ రాసిన కాగితం కవర్లో పెట్టి అంటించి దాముయేట్టన్ చేతిలో పెట్టాడు. ఈ పని తన వల్ల కాదన్నాడు.

దాముయేట్టన్ గదికి తాళం వేశాడు. దరఖాస్తు మళ్ళీ నింపుకోనివ్వమని ఏచ్చి అడిగింది. అతను నా వైపు తిరిగి, ఏ మాత్రం వెటకారం లేకుండా, "సర్వసభ్య సమావేశం తీర్మానం లేకుండా ఆ గదిలో ఎవరూ ఏమీ చేయకూడదు. గోడ మీద ఉంది. క్లాజు తొమ్మిది ప్రకారం సరైన మాటే," అన్నాడు.

జూన్ 18, శుక్రవారం

ఏచ్చి సర్టిఫికెట్లు కవర్లో పెట్టుకుని పొద్దున్నే పయ్యన్నూరు బస్సెక్కింది. ఉన్న ఒక్క సెలవూ అయిపోయింది. ఇంటర్నెట్ కొట్టులో కరెంటు లేదట. మూడు దాకా కూర్చుంటే, రేపు రమ్మన్నారట. రేపు హర్తాళ్. ఎల్లుండి ఆదివారం, ఆ కొట్టు తీయరు. ఎల్లుండితో గడువు సరి.

ఆమె ఇవేవీ నాతో చెప్పలేదు. అమ్మతో చెప్తుంటే గోడ ఇవతల విన్నాను. ఏడవలేదు. "ఇంకో పద్దెనిమిదేళ్ళు నూలు చుడతాను, అంతే కదా," అంది.

నేను చెప్పులు కూడా వేసుకోలేదు.

మాష్ వరండాలో కూర్చుని పనసగింజలు ఒలుస్తున్నారు. దార్లో సిద్ధం చేసుకున్న ఉపన్యాసం ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. వోల్టేజీ కాదు, నా ప్రోగ్రాం. మీ ఫైలు నల్ల తలుపుని తప్ప పట్టుకోదు, బొమ్మల తలుపు దాన్ని చదవదు. నాకు మంగళవారమే తెలుసు, చెప్పలేదు.

కొడతారనుకున్నాను. ఆయన చేతిలో గింజ అలాగే ఉంది.

"చదవదా?" అన్నారు. "అసలు తెరవనే తెరవదా?"

"తెరవదు మాష్."

"అందుకా అయిదు తెరలకీ లేనిది." లేచి నిలబడ్డారు. పనసగింజలు వరండా అంతా దొర్లాయి. "అయిదు రాత్రులు నిద్ర పోలేదురా. ఫైలు సరిగ్గానే ఉంది, మరి ఎక్కడ తప్పుతోందని. చదివేవాడే లేడన్నమాట. ఎలా కనిపెట్టావు?"

"ప్రసన్న ఏచ్చి కనిపెట్టింది."

ఆయన నవ్వడం మొదలుపెట్టారు, ఆపలేకపోయారు. ఊరందరికీ కలిపి కట్టిన తాడు ఒక్కడి కాలికే పడిందా, ఆ ఒక్కడూ వెతుక్కుంటూ వచ్చి కాలు పెట్టాడా అన్నారు. ఆ నవ్వులో కోపం లేకపోవడం నాకు దెబ్బ కంటే ఎక్కువ తగిలింది.

నలభై రెండో కాగితం సంగతి కూడా చెప్పేశాను, ఇంక దాచి ఏం లాభం. మాష్ భార్య లోపలి నుంచి విని బయటికొచ్చింది.

"మా నాన్న పేరున్న కాగితమా? ఆ కట్ట మొత్తం అటక మీంచి దించి వాయనశాలకి ఇచ్చింది నేనే. ఆయన తప్పు చేశాడు, జనం అచ్చేశారు. దాచుకోవడానికి అదేమన్నా నగా?"

దాతల పట్టికలో ఆమె పేరుంది. ఆ పట్టిక నా చేత్తో నేనే రాశాను. చదవలేదు.

సరిచేయడం ఎంత సేపని అడిగాను. రెండు తలుపుల కాపలాదార్లూ తప్పనిసరిగా అడిగే చోటు ఇంకొకటి ఉందట, అక్కడ రాస్తే ఎటు నుంచి వచ్చినా ఒకటే హద్దు. రెండు లైన్లు. అయితే పదండి, దాముయేట్టన్‌ని అడిగి తాళం తీయిద్దామన్నాను. ఆయన కదల్లేదు.

"ఎంతని రాయను? అరవై అనడానికి నేనెవర్నని అడిగావు. సరైన ప్రశ్నే అడిగావు. అడగకుండా పెట్టడం నా తప్పు. ఈసారి అంకె జనం చెప్తేనే రాస్తాను."

దాముయేట్టన్ దగ్గరికి పరిగెత్తాను. అత్యవసర సర్వసభ్య సమావేశానికి క్లాజు పదిహేడు. కార్యదర్శి పిలవొచ్చు. ముప్ఫై ఒక్కమంది ఉండాలి. ముప్ఫై మంది వస్తే, టీ తాగి ఇంటికి పొమ్మంటాడు. నేనేం చెప్పినా అతనికి క్లాజే చెవిన పడుతుంది. పిలుస్తానన్నాడు, ఎల్లుండి మూడు గంటలకి. జనాన్ని తెచ్చే పూచీ నాది.

జూన్ 19, శనివారం

హర్తాళ్. బస్సు లేదు, ఆటో లేదు, జిరాక్సు కొట్టు లేదు. జీవితంలో మొదటిసారి హర్తాళ్ మీద నాకు కోపం వచ్చింది. అది కూడా ఇక్కడ తప్ప ఎక్కడా రాయను.

పొద్దుట్నుంచి నడుస్తున్నాను. ఇళ్ళల్లో అందరూ ఉన్నారు, అదొక్కటే మేలు. కోడికూర వాసన లేని ఇల్లు లేదు. పదిహేడు మంది వస్తామన్నారు. మరో ఆరుగురు వాన లేకపోతే అన్నారు. బైజు ఆటో తీయడానికి లేదని సైకిల్ మీద రైలు కట్టకి అవతలి ఇళ్ళకి వెళ్ళాడు. నా పోస్టర్ చదివి మాష్ ఎదుట నవ్వినవాళ్ళు కొందరు, ఇప్పుడు నా ఎదుట నవ్వారు. నవ్వనీ. రమ్మన్నాను.

ఏచ్చి ఇంటికి చివర వెళ్ళాను. జరిగింది చెప్పాను. 

"నేను నొక్కినప్పుడు ఆగిపోయింది నీ వల్లేనా?"

"నా వల్లే ఏచ్చీ."

"ఆ కాగితాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తే ఏం పోయేదిరా?"

 నా దగ్గర అరవై మూడు కరపత్రాలున్నాయి, ఒక్కదాంట్లోనూ దీనికి జవాబు లేదు.

రేపటికి నోటీసు రాస్తున్నానంటే కాగితం లాక్కుని చదివింది. మొదటి రెండు పేరాలు కొట్టేసింది. జనానికి ఇంత ఓపిక ఉండదు, ఎప్పుడు రావాలో ముందు చెప్పమంది. నేను ఒప్పుకోలేదు, ఎవరు తప్పు చేశారో ముందు చెప్పాలన్నాను. అక్కడ మాత్రం నన్ను నా తప్పు ఒప్పుకోనిచ్చింది. మిగిలిందిది. ఇప్పుడు పన్నెండు కాపీలు చేత్తో రాయాలి.

"గురువారం వాయనశాల యంత్రాన్ని పడగొట్టింది లిజేష్. వోల్టేజీ కాదు, పవిత్రన్ మాష్ కాదు. హద్దు లేని తలుపు దొరికితే ఎవరికీ చెప్పకుండా వాడుకున్నాడు. దానివల్ల ప్రసన్న ఏచ్చి దరఖాస్తు పోయింది. ఈ రోజుతో ఆమెకి గడువు ముగుస్తుంది. గది తాళం తీయాలంటే ముప్ఫై ఒక్కమంది సభ్యులు కావాలి. ఏ తలుపు గుండా వచ్చినా అందరికీ ఒకటే హద్దు ఉండాలి. అది ఎంతో మనమే చెప్పాలి, మాష్ రాస్తారు. ఆ తర్వాత మొదట ఆ గదిలో కూర్చునేది ఏచ్చి. వాన వస్తే గొడుగు తెచ్చుకోండి, గొడుగు లేకపోతే పక్కింటివాళ్ళ గొడుగులో రండి. ఆదివారం మధ్యాహ్నం సరిగ్గా మూడు గంటలకి, వాయనశాల ముందుకి."